స్వతంత్ర వీడియో క్రీడలు - వాని జయమునకు హేతువులు

మైలాపూరు లజ్ ప్రాంతమున నాగేశ్వరరావు పార్కు కలదు. ఆంధ్రపత్రికా స్థాపకులు, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేర వెలసిన ఆ ఉద్యానవనమునకు ప్రాతఃకాలమున పోయి నాలుగు చుట్లు తిరిగివచ్చుట ఉద్యోగవిరమణానంతరము మాకు అలవాటైనది. గత సంవత్సరము ఒక ఆదివారము మా అన్నగారి మనుమడు మాతో కూడ వచ్చి, రెండవ చుట్టు ముగియకముందే మమ్ము ఒక బల్లపై కూర్చుండబెట్టి, “చిన్నతాతయ్యా, ఉద్యోగం మానేసి వీడియో గేము తయారుచేద్దామనుకుంటున్నాను. నాన్న ఒప్పుకోవడం లేదు. మీరు లెక్కలు తెలిసినవారు. మీరు చెబితే వింటాడు” అని పలికెను.

అతనికి 26 ఏండ్లు. పాత మహాబలిపురము రోడ్డునగల ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. ఇంటి అప్పులో కొంత నెలనెల అతని జీతమునుండియే తీరుచున్నది. మేమా, మెట్రిక్యులేషను వఱకు చదివి, 34 సంవత్సరములు ఒక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసినవారము. వీడియో గేమన్నచో పిల్లలు కన్నులు చెఱుపుకొను సాధనమని తప్ప మఱొకటి యెఱుగము. అయినను అడిగినవాడు మన బిడ్డ. తెలియని విషయమున ‘వద్దు’ అనుట ఎంత సులభమో ‘సరే’ అనుటయు అంత సులభమే. రెంటిలో నేదియు చెప్పక మూడునెలలు గడువడిగి, ఇట్టి ఆటల చరిత్రను అతనిచేతనే చదివించుకొని, మాకు తోచిన ప్రశ్నలు వేసి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. ఆ వ్రాతయే ఈ వ్యాసమునకు మూలము. మన సంఘ సభ్యుల యిండ్లలోను ఇట్టి ప్రశ్న నేడో రేపో పుట్టకమానదని తలంచి దీనిని సంచికకు సమర్పించుచున్నాము.

ముందుగా ఒక సందేహమును తీర్చవలెను. ఈ మాట వినగానే మా వదినగారు, “ఆటంటే ఆ ఫోనులో రమ్మీయా? డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను టీవీలో చూడలేదూ?” అని కలవరపడిరి. వారి భయము నిష్కారణము కాదు. ఆన్‌లైను జూదమును నిషేధించుచు తమిళనాడు శాసనసభ 2022లో చట్టము చేసినది. 2025 ఆగస్టులో పార్లమెంటు, ధనము పందెముగా ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు వేఱొక చట్టము చేసినది. మేము చెప్పబోవు ఆటలు అట్టివి కావు. ఇవి కథవలె, పాటవలె, బొమ్మల పుస్తకమువలె ఒకరు కల్పించి వెలకట్టి యిచ్చునవి. ఆడువాడు పందెము కాయడు, ఆటను కొనును, అంతియే. పెద్ద ప్రచురణ సంస్థ పెట్టుబడికిని పెత్తనమునకును లోబడక, ఒక్కడో, ముగ్గురో, పదిమందియో తమ ఊహ చొప్పున చేయు ఆటను స్వతంత్ర క్రీడ యనుచున్నారు. పాశ్చాత్యులు ముద్దుగా ‘ఇండీ’ అందురు.

ఈ స్వాతంత్ర్యము యొక్క చరిత్ర ఒక పేరు తగవుతో మొదలైనదని చెప్పవచ్చును. 1970 దశకమున అమెరికాలో అటారీ అను సంస్థ టెలివిజనుకు తగిలించి ఆడు యంత్రములను అమ్ముచుండెను. వానికి ఆటలు వ్రాయు ఉద్యోగుల పేరులు ఎచ్చటను అచ్చుపడెడివి కావు. అమ్మకములలో వాటాయు లేదు. దీనికి అసంతృప్తి చెంది డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అను నలుగురు బయటకువచ్చి, 1979లో మఱియొకని తోడ్పాటుతో ఆక్టివిజన్ అను సంస్థను నెలకొల్పిరి. అటారీ యంత్రముపై ఆడదగిన ఆటలను అటారీ కానివారు చేసి అమ్ముట అదియే మొదలు. వారు ఆటను కల్పించినవాని పేరును గ్రంథకర్త పేరువలె ప్రకటించిరి. అటారీ వ్యాజ్యము వేసెను గాని 1982లో రాజీ కుదిరెను. దానితో తలుపులు తెఱచుకొనెను. తెఱచుకొన్న తలుపునుండి సమర్థులతోపాటు అసమర్థులును చొరబడిరి. నాసిరకపు ఆటలు అంగళ్లలో గుట్టలు పడి, 1983లో అమెరికాలో ఆ వ్యాపారమే కుప్పగూలెను. కాలవైచిత్ర్యమేమనగా, నలుగురు అలిగి పెట్టిన ఆ సంస్థయే తరువాత పెక్కింటిని కలుపుకొని మహాసంస్థయై, 2023లో సుమారు 6,900 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ వశమయ్యెను.

ఆ కాలమున స్వతంత్రునికి ప్రధానమైన ఆటంకము అంగడి బీరువా. ఆట ఎంత మంచిదైనను దానిని డబ్బాలో పెట్టి ఊరూరి దుకాణములకు పంపవలెను. అది ధనవంతులకే సాధ్యము. 2003లో వాల్వ్ అను సంస్థ స్టీమ్ అను పేర కంప్యూటరులోనే అంగడిని తెఱచి, కొన్ని యేండ్లలో ఇతరుల ఆటలకును చోటిచ్చెను. 2008లో ఆపిల్ సంస్థ సెల్‌ఫోను అంగడిని ప్రారంభించెను. బీరువా మాయమయ్యెను. 2017 నుండి స్టీమ్ అంగడిలో ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు చెల్లించి ఎవరైనను తమ సరకును పెట్టవచ్చును. 1,000 డాలర్ల అమ్మకము జరిగిన పిమ్మట ఆ రుసుము తిరిగివచ్చును. ఆటలు అల్లుటకు కావలసిన పనిముట్లును చౌకయైనవి. 2014లో గోడో అను సాధనమును దాని కర్తలు ఉచితముగ లోకమునకు విడిచిరి.

ఇన్ని ద్వారములు తెఱచుకొన్నవి గనుక స్వతంత్రుల కష్టములు తీరినవా? తీరలేదు. రూపు మార్చుకొన్నవి. 2024లో ఒక్క స్టీమ్ అంగడికే 18,000లకు మించి క్రొత్త ఆటలు వచ్చినవి. అనగా దినమునకు దాదాపు 50. పూర్వము ‘చేయగలమా’ అనునది ప్రశ్న, నేడు ‘కనబడగలమా’ అనునది ప్రశ్న. ఇన్నింటిలో కొన్నియే ఎందుచేత నిలిచినవని విచారించితిమి. జయించిన ఆటల సుగుణములను గూర్చి లోకము చాల చెప్పినది. మేము గుమాస్తాలము గనుక ఆ కథలలో జమాఖర్చు చూచితిమి. చూడగా ఒక్క పద్దు అన్నింటిలోను కానవచ్చినది: ఆట తయారగు కాలమున తయారుచేయువానికి అన్నము పెట్టినదెవరు?

అమెరికాలో సియాటిల్ నగరమున ఎరిక్ బరోన్ అను యువకుడు 2011లో పట్టము పుచ్చుకొని, ఉద్యోగము దొరకక, విద్యకు పదునుపెట్టుకొనుటకై ఒక చిన్న ఆటను మొదలుపెట్టెను. చిన్ననాట తానాడిన వ్యవసాయపు ఆట వంటిది మరల రాలేదను కొఱత తీర్చుకొనుట అతని కోరిక. నగరజీవితమున విసిగిన ఒకడు తాతగారు విడిచిన పొలమునకు పోయి దున్ని విత్తి ఇరుగుపొరుగుతో బ్రతుకుటయే కథ. బొమ్మలు, సంగీతము, మాటలు, యంత్రభాష అన్నియు ఒక్కడే. సుమారు నాలుగున్నర యేండ్లు పట్టినది. ఆ కాలమున అతడు ఒక నాటకశాలలో ప్రేక్షకులకు కుర్చీలు చూపు కొలువు చేసెను. ఇంటి ఖర్చు ముఖ్యముగ అతని సహచరి భరించెను. 2016 ఫిబ్రవరిలో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ వెలువడినది. 2024 నాటికి 4 కోట్ల ప్రతులకు మించి అమ్ముడైనది. లోకము ఈ కథను ఏకాకి వీరుని కథగా చెప్పును. మా లెక్కలో అది ఇద్దరి కథ.

స్వీడను దేశపు మార్కస్ పెర్సన్ 2009లో ‘మైన్‌క్రాఫ్ట్’ను వెల్లడించినపుడు వేఱొక సంస్థలో ఉద్యోగి. ఆట ఆదాయము జీతమును మించినదని రుజువైన పిమ్మటనే ఉద్యోగము విడిచెను. ఆ ఆటను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనుట అందఱెఱిగినదే గాని, తొలుత అతడు ఉద్యోగము విడువలేదను సంగతి అంతగా ప్రచారములో లేదు.

ఇది చదువునపుడు మాకు మన పంతులుగారే జ్ఞప్తికి వచ్చిరి. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించిరి. ఆంధ్రపత్రికను వారపత్రికగా అచ్చటనే 1908లో స్థాపించి, 1914లో చెన్నపట్టణమునుండి దినపత్రికగా వెలువరించిరి. పత్రికకు ఒకరి ముఖము చూడకుండ వ్రాయగల స్వాతంత్ర్యము ఎచ్చటినుండి వచ్చినది? తలనొప్పి మందు సీసానుండి వచ్చినది. స్వాతంత్ర్యమనగా ధనము లేకుండుట కాదు, ధనమునకై ఆ కార్యమునే తాకట్టు పెట్టకుండుట. ఆ పార్కులో కూర్చుండియే మేమీ మాట మా పిల్లవానితో అంటిమి.

దీనికి వ్యతిరేకమైన దృష్టాంతమును అతడు చూపెను. పూనా నగరమున నాడింగ్ హెడ్స్ అను చిన్న బృందము ‘రాజీ’ అను ఆటను తలపెట్టినది. రాజీ యను బాలిక, రాక్షసులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు పోవు కథ. రాజస్థానపు కోటలు, పహాడీ చిత్రముల వన్నెలు అందు నింపిరి. 2017లో ప్రజలనుండి చందాలు కోరగా తలచిన మొత్తము చేరలేదు. అప్పుడు స్థాపకులలో ఒకరు తమ ఫ్లాటును అమ్మి పని సాగించిరి. తరువాత ప్రచురణకర్త దొరకి, 2020లో ఆట వెలువడి, ఆ యేటి ‘గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ తొలి ఆటల పోటీలో నిలిచినది. “చూశారా తాతయ్యా, ఇల్లు అమ్మి గెలిచారు” అని అతడనెను. గెలిచిరి, వారి సాహసము మెచ్చదగినది. కాని ఇల్లమ్మి గెలిచినవారి కథను లోకము వ్రాయును, ఇల్లమ్మి ఓడినవారి కథను ఎవరు వ్రాయుదురు? చరిత్ర చదువువాడు అచ్చుపడని పుటలను గూడ లెక్కకు తెచ్చుకొనవలెను.

రెండవ హేతువు, వంట ముగియకముందే రుచి చూపుట. అమృతాంజనమును జనులెఱుగని దినములలో పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగ పంచిరని ప్రసిద్ధి. వాడినవాడే పదిమందికి చెప్పెను. 1993లో ఇడ్ సాఫ్ట్‌వేర్ అను కొద్దిమంది బృందము ‘డూమ్’ అను ఆటలో మొదటి భాగమును ఉచితముగ వదలి, మిగిలినవి కోరినవారికి అమ్మినది. యుగము వేఱైనను సూత్రమొక్కటే. మైన్‌క్రాఫ్ట్ కర్త మఱొక అడుగు ముందునకు వేసి, సగము తయారైన ఆటనే తక్కువ వెలకు అమ్మి, ఆడినవారి మాటలు వినుచు దిద్దుచు పోయెను. 2011లో ‘పూర్తియైనది’ అని ప్రకటించునాటికి దానికి లక్షలాది ఆత్మీయులేర్పడి యుండిరి.

ఈ విషయమున మాకు స్వానుభవము కలదు. 1981లో మేమును, మా వీథిలోని ఇద్దఱు మిత్రులును కలసి సైక్లోస్టైలు చేసిన ఒక తెలుగు మాసపత్రికను నడిపితిమి. నాలుగు నెలలు తలుపులు మూసికొని మొదటి సంచిక సిద్ధముచేసి, ఎవరికిని చూపక, ఒక్కమాఱు 300 ప్రతులు తీసితిమి. అమ్ముడైనవి 41. కథలు బాగున్నవనియు అక్షరములు మసకగానుండి చదువలేకపోయితిమనియు కొన్నవారు చెప్పిరి. ఆ మాట 10 ప్రతులు తీసి చూపియున్నచో ముందే తెలిసెడిది. ఐదవ సంచికతో పత్రిక నిలిచినది. మిగిలిన ప్రతులు మా మంచము క్రింద చాల యేండ్లుండినవి. చందాదారులకు సాహిత్యాభిరుచి లేదని నాడు నిందించితిమి. తప్పు మాదేయని ఒప్పుకొనుటకు ఇంతకాలము పట్టినది.

మూడవది, చేతికందిన కొలతలో పని సమగ్రముగ చేయుట. దీనికి మన ఇరుగువారి దృష్టాంతమే కలదు. కెనడాలోని టొరాంటో నగరమున విశై గేమ్స్ అను చిన్న సంస్థ 2023 జూలైలో ‘వెణ్బా’ అను ఆటను వెలువరించినది. 1980 దశకమున కెనడాకు వలసపోయిన ఒక తమిళ కుటుంబము యొక్క కథ. తల్లి తెచ్చుకొన్న వంటల పుస్తకము చిరిగి, అక్షరములు చెరిగిపోయినవి. మిగిలిన మాటలనుబట్టి ఇడ్లీ పాత్రలో నీరు ఎంత, ముందేమి వెనుకేమి అని ఊహించి వండుటయే ఆట. వంటలనడుమ, తమిళము మాటలాడుటకు సిగ్గుపడు కొడుకును, మనసు కష్టపెట్టుకొను తల్లియు మనకు కనబడుదురు. మొత్తము ఒకటిన్నర గంటలో ముగియును. కత్తియుద్ధములు లేవు, కోటలు లేవు. 2024లో స్వతంత్ర క్రీడోత్సవపు మహాబహుమానమును, బ్రిటనువారి బాఫ్టా సంస్థయొక్క తొలి ఆట బహుమానమును దీనికే వచ్చినవి. మా పిల్లవాడు దీనిని మా వదినగారిచేత ఆడించెను. ఆమె ఇడ్లీ ఘట్టమున, “పిండిని ఇలా పోస్తారా ఎక్కడైనా?” అని కోపగించి, మూడవసారికి సరిగా వండి, కొడుకు తల్లికి తిరిగి జవాబుచెప్పు చోట కండ్లు తుడుచుకొనిరి. ఆటయన్న రమ్మీ కాదని మేము నెలదినములు చెప్పి ఒప్పింపలేనిది ఆ పుట్టెడు ఇడ్లీలు ఒప్పించినవి.

అయితే మన మట్టి, మన పురాణము ఉన్నంతమాత్రమున ఆట నిలుచునని భ్రమపడరాదు. 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను నిర్మించగా, సోనీవారు ప్లేస్టేషను యంత్రమునకై దానిని ప్రచురించిరి. యంత్రపు ఆటను సంపూర్ణముగ భారతదేశముననే తయారుచేయుట అది మొదలు గనుక దానికి చరిత్రలో స్థానము కలదు. వెనుక ఘనమైన ప్రచురణకర్త, ముందు ఇంటింటికి తెలిసిన దేవుడు. అయినను అది పేరుకు తగినట్లు ఆదరము పొందలేదు. విమర్శకులు ఆట నడకలో లోపములెన్నిరి. దైవమును మీటలతో ఆడించుట తగదని కొందఱు అభ్యంతరము తెలిపిరి. 2017లో హైదరాబాదుననే ఓగర్ హెడ్ అను చిన్న స్టూడియో ‘అసుర’ అను స్వతంత్ర క్రీడను స్టీమ్ అంగడికి తెచ్చినది. పురాణచ్ఛాయలున్నను అందు ప్రధానము ఆట నడకయే. ఓడిన ప్రతిసారియు దారులు మారిపోవును, కనుక ఆడినవాడు మరల ఆడును. దేశీయ క్రీడానిర్మాతల మన్ననను అది పొందినది. దీనివలన తేలినదేమనగా, పురాణము విస్తరియే గాని వంట కాదు.

నాలుగవది అదృష్టము. దీనిని కాదనుట అసత్యము. ‘అమాంగ్ అస్’ అను ఆటను అమెరికాలో ముగ్గురు 2018లో వెలువరించిరి. మొదట ఆడినవారు స్వల్పము. 2020లో మహమ్మారివలన లోకమంతయు ఇండ్లలో చిక్కుకొనగా, తాము ఆడుచు ఇతరులకు చూపువారు దానిని చేపట్టిరి. ఒక వేసవిలో కోట్లమంది ఆడిరి. మన దేశమున 2016లో వచ్చిన ‘లూడో కింగ్’ కథయు ఇట్టిదే. నవీముంబయిలోని ఒక చిన్న సంస్థ మన పచ్చీసు సంతతియైన లూడోను ఫోనులోనికి తెచ్చినది. 2020 గృహనిర్బంధ దినములలో దూరముననున్న బంధువులు దాని ద్వారా ఒక్క పీటచుట్టు చేరిరి. అదృష్టము ఎప్పుడు వచ్చునో చెప్పలేము. కాని అది తలుపు తట్టునప్పటికి ఇంట దీపముండవలెను. ఆ ముగ్గురు రెండేండ్లు తమ ఆటను విడువక దిద్దుచుండిరి. చిన్న ఖర్చుతో చేసిరి గనుక రెండేండ్లు ఓర్వగలిగిరి. చూడగా నాలుగవ హేతువును మొదటిదానికే చేరినది. అన్నమునకు ఏర్పాటున్నవాడే అదృష్టమునకై కాచుకొనగలడు.

ఇంత చరిత్ర చదివి, మేము ఒక చిన్న లెక్క వేసి మా అన్నగారి కుమారునికి చూపితిమి. ఒక ఆటను 400 రూపాయలకు అమ్మి 1,000 ప్రతులు చెల్లినవనుకొందము. వచ్చినది 4,00,000 రూపాయలు. అందు అంగడివారి వాటా నూటికి 30 చొప్పున 1,20,000 పోగా మిగులు 2,80,000. రెండేండ్ల శ్రమకు నెలకు 11,700కు లోపు. తగ్గింపు ధరలు, పన్నులు ఇందు తీసివేయలేదు. స్టీమ్ అంగడిలో కొన్న 14 దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకున్నచో, సరకు తిరిగి యిచ్చి డబ్బు వాపసు పొందవచ్చును. దానిని గూడ గణింపవలెను. ఇంతకు 1,000 ప్రతులు చెల్లుననియు నమ్మకము లేదు. ఈ కాగితమును చూచి తండ్రి, “నేను చెప్పింది ఇదే కదా, బాబాయ్” అనెను. కుమారుడు మాటలాడలేదు.

కాని లెక్క అంతటితో ముగియలేదు. అతడు చేయదలచిన ఆటను మేము అప్పటికి చూచియుండలేదు. వినాయకచవితినాడు బంధువుల పిల్లలు ఏడుగురు ఇంట చేరినపుడు దానిని చూపుమంటిమి. “ఇంకా పూర్తికాలేదు తాతయ్యా” అని వెనుదీసెను. మా మంచము క్రింది ప్రతుల కథ చెప్పితిమి. చూపెను.

ఆట వైకుంఠపాళి. చెన్నపట్టణపు ఒక ఫ్లాటులో అవ్వయు మనుమరాలును ఆడుచుందురు. గడులలో గుణముల పేరులు, దుర్గుణముల పేరులు తెలుగున వ్రాసియుండును. ఆ పేరు చదివి, దానికి తగిన చిన్న కథలో సరియైన మాట యెన్నుకొన్నగాని నిచ్చెన ఎక్కనియ్యదు. చెన్నైలో మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని పెక్కుమంది చదువలేరు. ఆ కొఱతనుండియే ఈ ఊహ పుట్టినది. పాత ఆటలకు క్రొత్త ప్రాణము పోయుట చెన్నైకి క్రొత్త కాదు. 2002లో వినీతా సిద్ధార్థగారు ఇచ్చట ‘క్రీడా’ సంస్థను స్థాపించి పల్లాంగుళి వంటి ఆటలను మరల ఇండ్లలోనికి తెచ్చిరి. ఫోను తెఱపై తెలుగు చదివించు వైకుంఠపాళి మాత్రము మా వఱకు క్రొత్తది.

ఫలితమేమి? ఏడుగురిలో ఐదుగురు మూడవ నిచ్చెన చేరకముందే లేచి టపాకాయలకు పోయిరి. ఆరంభమున అవ్వ చేయు దీర్ఘోపన్యాసమును ఒక్కరును వినలేదు. అక్షరములు చిన్నవిగా నున్నవి. మా పిల్లవాని ముఖము వాడినది. అయినను వెనుక కూర్చుండి అంతయు వ్రాసికొనెను. ఒక తొమ్మిదేండ్ల పిల్ల మాత్రము లేవలేదు. ఆమెకు తెలుగు చదువరాదు. ఫోను తీసికొని మా వదినగారి ప్రక్కన చేరి, “నానమ్మా, ఇది ఏమక్షరం?” అని అడిగెను. వదినగారు కండ్లజోడు తెమ్మనిరి. విస్తళ్లు వేయువఱకు ఆ యిద్దఱును లేవలేదు.

మఱునాడు తండ్రి, కొడుకు, మేము కూర్చుండి ఒక ఒప్పందమునకు వచ్చితిమి. ఉద్యోగము విడువరాదు. రాత్రులును, శనివారములును ఆటకు. పూర్తి పటము కాక 12 గడుల చిన్న పటమును మొదట సమగ్రముగ చేసి ఉచితముగ విడువవలెను. బొమ్మలు వేయుట అతనికి రాదు గనుక చిత్రకారునికిని, పాట కట్టువారికిని ఇచ్చుటకై మా విరమణధనమునుండి 1,50,000 రూపాయలు ఇచ్చితిమి. నోటుపుస్తకమున దానిని అప్పుగా వ్రాయలేదు. 18 నెలలలో మనకు పరిచయము లేని 100 మంది ఆ చిన్న పటమును చివరివఱకు ఆడినచో ఉద్యోగము సంగతి మరల విచారింతము. లేనిచో పుస్తకము మూసివేయుదము. తండ్రి సంతోషముతో ఒప్పుకొనలేదు, ఒప్పుకొనెను. అవ్వ ఉపన్యాసము తీసివేయబడినది. అక్షరములు పెద్దవైనవి. ఇది వ్రాయునాటికి ఆఱవ నెల నడుచుచున్నది. జయమో అపజయమో మేము చెప్పజాలము.

చివరకు మన సంఘమువారికి ఒక విన్నపము. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఈ నగరమునుండి చందమామను తెలుగునను తమిళమునను వెలువరించినపుడు, మన పిల్లలు ఏమి చదువవలెనో పెద్దలు చెప్పుట మాని, ఏమి చదువగోరుదురో గ్రహించి యిచ్చిరి. నేటి పిల్లలు చూచు తెఱపై మన భాష ఉండవలెనన్నచో సభలో తీర్మానములు చాలవు. చేయువానికి కొంచెము కాలము, కొంచెము అన్నము, మొగమోటము లేక ఆడి లోపము చెప్పు పదిమంది కావలెను. మొదటి రెండును ఇంటివారు సమకూర్చవచ్చును. మూడవది సంఘము సమకూర్పగలదు. మన భవనమున నెలకొక ఆదివారము సాయంకాలము ఒక గది తెఱచి, సగము చేసిన ఆటలతో వచ్చు యువకులను, వానిని ఆడిచూచు పిల్లలను, పెద్దలను ఒకచోట చేర్చినచో ఖర్చు విద్యుచ్ఛక్తికిని కాఫీకిని మించదు. ఆ లెక్క వ్రాయుపని మాకు ఒప్పగించినయెడల సంతోషముతో నిర్వహింపగలము.